జర్మనీ పోయిన మా బాపు పేరు

ఈ ముచ్చటలో ఎవరి పేరూ రాయను. మర్యాద కోసం అనుకోవద్దు. మా బాపు పేరు రాయాలంటే ముందు ఏ పేరు రాయాలో తేల్చుకోవాలి. అది తేలడానికి దాదాపు నలభై రోజులు, ఒక లాయరు సారు, మూడు స్టాంపు కాగితాలు కావలసి వచ్చాయి. కమాన్‌పూర్ దగ్గరి ఊళ్లో ఎవుసం చేసుకునే మా మామ మూడుసార్లు బస్సెక్కి వచ్చాడు. ఇప్పుడు నేను జర్మనీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాను. ఇక్కడి ముసలివాళ్లు నా పేరు పలకలేక తమకు వచ్చినట్టు పిలుస్తారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను. గోదావరిఖనిలో పెరిగినదానికి అదేమంత కష్టం కాదు.

మా బాపుకు రెండు పేర్లు. ఒకటి ఆయన తల్లి, మా బాపమ్మ పెట్టింది. ఇంకొకటి బొగ్గుబాయిలో పని చేసింది. ఆ రెండో పేరు నిజానికి మా మామది, అంటే బాపు అక్క మొగుడిది. బొగ్గు కంపెనీలో ఉద్యోగం వచ్చింది మామకు. మొదటి రోజు తలకు లైటు కట్టుకుని బాయిలోకి దిగాడు. లోపల ఎక్కడో పైకప్పు చిన్నగా చిటచిటలాడిందట. అది మామూలే, భయం లేదని పక్కవాడు చెప్పేలోపే మామ పైకి వచ్చేసి, లైటూ టోపీ అప్పజెప్పి, సద్ది డబ్బా కూడా తీసుకోకుండా పొలాలకు అడ్డంపడి ఇల్లు చేరాడు. పైన ఇంత భూమి ఉండగా కిందికి పోవుడెందుకు అని అప్పుడూ అన్నాడు, ఇప్పటికీ అంటాడు. వచ్చిన ఉద్యోగం పోగొట్టుకోవడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. మరుసటి షిఫ్టుకు పందొమ్మిదేళ్ల మా బాపు వెళ్లి, మామ పేరు పిలవగానే చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ముప్పై ఆరేళ్ల దాకా దించలేదు.

ఇట్లాంటి ఇళ్లు మా వైపు చాలానే ఉన్నాయి. మారుపేరు మీద పని చేసిండు అంటే, వాడి తాత ఊరు ఫలానా అన్నంత మామూలుగా వింటారు. మామ బాపు కన్నా ఐదేళ్లు పెద్ద. కాబట్టి కంపెనీ లెక్కలో బాపు కూడా ఐదేళ్లు పెద్దవాడై, అంత ముందే రిటైరయ్యాడు. ఆ రోజు సన్మానానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఫొటో బాపుది, పేరు మామది. భోజనానికి వచ్చిన మామ దాని కింద నిలబడి ఫొటో దిగాడు. ఒక్క దినం డ్యూటీ చేసినందుకు ఇంత మర్యాద చేస్తరనుకోలేదని అందరికీ చెప్పుకున్నాడు.

మా క్వార్టర్‌లో పిల్లలకు అక్షరాల కన్నా ముందు ఈ విద్య నేర్పారు. బయట నిలబడి ఎవరైనా మామ పేరుతో పిలిస్తే, వచ్చినవాళ్లు బాయి మనుషులు. షిఫ్టు ఏదో చెప్పి పంపాలి. బాపు సొంత పేరుతో పిలిస్తే ఊరివాళ్లు. వాళ్లకు మంచం వేసి, నీళ్లిచ్చి, అమ్మను చాయ్ పెట్టమనాలి. బడిలో ఒకసారి కొత్తగా వచ్చిన టీచరు మీ నాన్న పేరేమిటని అడిగితే, డ్యూటీ పేరా, సొంత పేరా అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది గానీ క్లాసులో ఎవరూ నవ్వలేదు. నా పక్కన కూర్చున్న పిల్ల కూడా అదే అడుగుదామని సిద్ధంగా ఉంది.

ఇంత జాగ్రత్తగా నడిచే ఇంట్లో ఒక్క పొరపాటు జరిగింది. అది మా బాపమ్మ చేసింది. నేను పుట్టింది కంపెనీ దవాఖానలో. కాబట్టి పుట్టిన సర్టిఫికెట్లో తండ్రి పేరు దగ్గర డ్యూటీ పేరే, అంటే మామ పేరే ఎక్కింది. బడిలో వేసే రోజు బాపు డ్యూటీలో ఉన్నాడు, అమ్మకు జ్వరం. బాపమ్మ నన్ను చంకనేసుకుని పోయింది. పెద్దసారు తండ్రి పేరు అడగ్గానే తన కొడుకు పేరు చెప్పింది. తోడుగా వచ్చిన పక్కింటి అక్క, అవ్వా గది కాదు, డ్యూటీ పేరు చెప్పాలె అని గుర్తు చేసింది. బాపమ్మ ఆమెను కొట్టినంత పని చేసిందట.

"నా కొడుకు పేరు నాకు తెల్వదా?"

పెద్దసారు మారు మాట్లాడకుండా రాసుకున్నాడు. ఆ పేరే పదో తరగతి మెమో దాకా వచ్చింది. మెమో చూసి ఇచ్చారు కాబట్టి పాస్‌పోర్టులోకీ అదే వచ్చింది. ముసలామె ఎప్పటికైనా మన కొంప ముంచుతది అని అమ్మ చాలా ఏళ్లు అంటూనే ఉంది. బాపమ్మ పోయాక కూడా ఆ మాట మానలేదు.

జర్మనీ పని కుదిరాక ఆ రోజు రానే వచ్చింది. ఏడాది పాటు హైదరాబాదు హాస్టల్లో ఉండి ఆ భాష నేర్చుకున్నాను, పరీక్ష పాసయ్యాను, అక్కడి ఆసుపత్రి వాళ్లు ఫోన్లోనే చూసి తీసుకున్నారు. ఇక కాగితాలే మిగిలాయనుకున్నాను. కాగితాలే అంతా అని అప్పుడు తెలియదు. మమ్మల్ని పంపే ఆఫీసులో ఫైళ్లు చూసే అమ్మాయి చాలా మెత్తని మనిషి. ఫోన్ చేసి, మేడమ్ మీకు తండ్రులు ఎందరు అని అడగలేక, మీ సర్టిఫికెట్లో ఒక తండ్రి పేరుంది, పాస్‌పోర్టులో ఒక తండ్రి పేరుంది, ఏది ఉంచమంటారు అని అడిగింది. నలభై రోజుల్లో రెండూ ఒకటి కావాలి. లేదంటే మా బ్యాచి నేను లేకుండానే వీసాకు పోతుంది, నా చోటు ఇంకొకరికి పోతుంది.

మీసేవ అన్న ఈ మాట విని కుర్చీలో వెనక్కి వాలాడు. ఇదో పెద్ద ముచ్చటా, రెండు పేర్లూ ఒక్క మనిషివే అని నోటరీ చేయిస్తే అయిపోతది, మన దగ్గర రోజూ నడిచేదే అన్నాడు. చౌరస్తా దగ్గరి లాయరు సారు దగ్గరికి బాపును తీసుకుపోయాను. సారు పావుగంటలో స్టాంపు కాగితం మీద టైపు కొట్టించి బాపు ముందు పెట్టాడు. బాపు అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, రెండుసార్లు చదివాడు. తరవాత కలం మూత పెట్టేశాడు.

"సారూ, గీ పేరుగల్లాయన మా బావ. బతికే ఉన్నడు. మేమిద్దరం ఒక్కలం ఎట్లయితం?"

లాయరు సారు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ముప్పై ఆరేళ్లు ఇంకొకరి పేరు మీద బాయిలోకి దిగిన మనిషికి, ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు అబద్ధం అంటే పడకుండా పోయింది. అది ఉత్త ఫార్మాలిటీ అని సారు చెప్పాడు. సంతకం పెట్టు బాపూ, ఎవరు చదువుతరు దాన్ని అని నేను కసిరాను. బాపు ససేమిరా అన్నాడు. డ్యూటీ చేసుడు వేరు, గిట్ల స్టాంపు మీద రాసిచ్చుడు వేరు, రేపు బావకు ఏమన్నయితే నేను కూడ అయినట్టేనా అని లెక్క తీశాడు. సారు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు. నాకు కోపం దండిగా వచ్చింది.

రెండోసారి నేనొక్కదాన్నే వెళితే సారు ఇంకో దారి చెప్పాడు. మీ నాన్న ఆధార్, పింఛను, బ్యాంకు, ఓటు, రేషను, అన్నింట్లో డ్యూటీ పేరే ఉంది. ఇన్ని కాగితాలు ఒక వైపు, నీ మెమో, దాన్ని చూసి ఇచ్చిన పాస్‌పోర్టు మాత్రమే ఇంకో వైపు. మెమోలో మార్పిస్తే పాస్‌పోర్టులో మార్చడం పెద్ద పని కాదు అన్నాడు. ఎంత తేలిక! ఇంటికి వచ్చి చెప్పగానే అమ్మ, ఇన్నేండ్లకన్న అత్త చేసిన తప్పు దిద్దుకుంటున్నం అని దేవుని పటానికి దండం పెట్టింది. నేను ఫారం నింపడానికి కూర్చున్నాను.

బాపు లేచి నా దగ్గరికి వచ్చాడు. మెమో ఒకసారి చూస్తనన్నాడు. ఇచ్చాను. మార్కులు చూస్తున్నాడేమో, లెక్కల్లో తక్కువ వచ్చాయని ఇప్పుడు అంటాడేమో అనుకున్నాను. తరవాత లోపలికి వెళ్లి ఇనుప పెట్టె తీశాడు. గంటసేపు లోపల ఏదో వెతికే చప్పుడు. బయటికి వచ్చేటప్పటికి చేతిలో పసుపు అంటిన పెండ్లి కార్డు ఒక్కటే ఉంది. తన బడి సర్టిఫికెట్ ఎప్పుడో చెదలు తిన్నది. ఊళ్లో భూమి తమ్ముడి పేరు మీదే ఉంది.

"పెండ్లి కార్డు నడుస్తదా బిడ్డా?"

నడవదు బాపూ, అది సర్కారు కాగితం కాదు గదా అన్నాను. ఇప్పుడు దాంతో ఏం పని అని కూడా అన్నాను. అప్పటికీ నాకు అర్థం కాలేదు. నేను నర్సును. మనిషి ముఖం చూసి ఎక్కడ నొప్పో చెప్పడం నా పని. సొంత తండ్రి విషయంలో ఆ పని రాలేదు.

"అయితే నా పేరుకు సర్కారు ఆధారం గీ నీ మెమో ఒక్కటే," అన్నాడు బాపు. "మా అవ్వ రాయించింది. గిది గూడ మారుస్తే నేను ఎక్కడ లేనట్టే."

అంతే అన్నాడు. మెమో నా ముందు పెట్టి, నీకు ఆలస్యమైతది, రాసుకో అని చెప్పి, మొక్కలకు నీళ్లు పట్టడానికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. చిన్నప్పటి నుంచి రెండు పేర్లనూ ఆటలాగా పిలిచాం, గేటు దగ్గర ఎవరొచ్చారో కనిపెట్టే గంటలాగా వాడుకున్నాం. ఒక పేరు రోజురోజుకూ అన్ని కాగితాల మీద నుంచి జారిపోయి నా మెమో మీద వచ్చి ఆగి ఉందని ఇంట్లో ఒక్కరమూ చూడలేదు. బాపు చూసుకుంటూనే ఉన్నాడు. నింపిన ఫారాన్ని నాలుగు ముక్కలు చేశాను. అమ్మ చూసి తిట్టింది. తిట్టు మధ్యలోనే ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, అయితే పుట్టిన సర్టిఫికెటే మార్పియ్యి అంది.

అది చుట్టుదారి. దానికి బాపు తన సొంత పేరుతో వాంగ్మూలం ఇయ్యాలి, డ్యూటీలో ఇంకో పేరుతో పని చేశానని అందులో రాయాలి. ఆ రెండో పేరుగల మనిషి స్వయంగా వచ్చి చెప్పాలి. ఈ కాగితం మున్సిపల్ ఆఫీసుకు పోతుంది గానీ కంపెనీకి పోదు, అయినా రేపు పింఛను దగ్గర ఎవరన్నా అడిగితే నేను హామీ ఇయ్యలేను అని లాయరు సారు దాచకుండా చెప్పాడు. వద్దు బాపూ అని మాట మార్చింది నేనే. జర్మనీకి ఇంకోసారి పోతాను అన్నాను. బాపు వినలేదు. ముప్పై ఆరేండ్లు బొగ్గు తీసిన చెయ్యి నాదే గద, అడిగితే చెయ్యి చూపిస్త అన్నాడు.

ఇంకో చిక్కు ఉంది. బాపుకు తన పేరుతో సంతకం రాదు. బడి మానినప్పటి నుంచి పెట్టిన ప్రతి సంతకం మామ పేరే. వారం రోజులు పేపరు అంచుల మీద, క్యాలెండరు వెనక, నా జర్మన్ నోటుబుక్కులో సొంత సంతకం నేర్చుకున్నాడు. నేను పక్కన కూర్చుని దిద్దించాను. మొదటి అక్షరం దగ్గర బాగానే మొదలుపెట్టేవాడు, మధ్యలో చెయ్యి మామ పేరులోకి తిరిగిపోయేది. బర్రెను పొలానికి తోలితే దొడ్డికి పోయినట్టున్నది అని తనను తానే తిట్టుకున్నాడు.

నోటరీ రోజు మామ, అత్త వచ్చారు. మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, జేబులో రెండు కలాలు. లాయరు సారు కొత్త స్టాంపు కాగితం చదివి వినిపించాడు. అందరం తలలూపాం. బాపు కుర్చీ ముందుకు జరుపుకుని, ఊపిరి పీల్చి, ఒక్క గీతలో గబగబా సంతకం పెట్టి కలం కింద పెట్టాడు. ఎంత చక్కగా కుదిరిందో అనుకుని వంగి చూశాను. మామ పేరు.

సారు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మామ ఆ సంతకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాకన్న నువ్వే మంచిగ పెడుతున్నవురా అని మెచ్చుకున్నాడు. మళ్లీ స్టాంపు కాగితం, మళ్లీ టైపు. ఈసారి బాపు నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఇంకో రోజు మున్సిపల్ ఆఫీసుకు పోతే, అక్కడి సారు నా పుట్టిన సర్టిఫికెట్ పట్టుకుని మామను పై నుంచి కింది దాకా చూశాడు. అందులో ఉన్న లెక్క ప్రకారం నాకు తండ్రి మామ, తల్లి మా అమ్మ. ఈ పేరుగల మనిషివి నువ్వే గదా, మరి ఈ అమ్మాయి ఎవరు అని అడిగాడు. మామ చేతులు కట్టుకుని, పేరు నాదే సార్, పిల్ల నాది కాదు, నా బామ్మర్ది బిడ్డ అని చెప్పాడు. అట్లా అని రాసిస్తావా అంటే రాసిస్తనన్నాడు. అత్త గోడకు ఆనుకుని నిలబడి ఇదంతా వింటూ ఉంది.

"గా ముచ్చట నాకు ముప్పై ఏండ్ల కిందనే రాసియ్యాల్సింది," అంది.

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సారు కూడా నవ్వాపుకోలేక ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత అన్ని కాగితాలూ తీసుకున్నాడు. విచారణ ఉంటుంది, ఎప్పుడు వస్తుందో చెప్పలేను అన్నాడు.

గడువుకు ఇంకా నాలుగు రోజులుందనగా ఫోన్ వచ్చింది. బాపు, నేను వెళ్లాం. పని లేకపోయినా మామ కూడా బస్సెక్కి వచ్చాడు. నా పేరు నాకు మిగిలిందా లేదా చూసుకోవాలె గద అన్నాడు. హాలు నిండా జనం. బెంచీ మీద మధ్యలో బాపు, అటు మామ, ఇటు నేను. ఆ కిటికీలోంచి వచ్చే కాగితంలో పాత పేరే ఉంటే నా ప్రయాణం అక్కడితో సరి. అంతకన్నా, బాపు ముఖం ఎట్లా చూడాలో తెలియడం లేదు.

అటెండరు కిటికీ దగ్గర నిలబడి ఒక పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఇంటిపేరుతో కలిపి ఇంకా గట్టిగా పిలిచాడు. బాపమ్మ పెట్టిన పేరు. దరఖాస్తు పెట్టింది బాపు కాబట్టి ఆయన పేరే పిలుస్తున్నారు. బాపు కూడా అందరిలాగే ఎవరా అని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. అరవై ఏళ్ల మనిషిని ఒక ఆఫీసులో ఆ పేరుతో పిలవడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది. చెబుదామని బాపు వైపు తిరిగాను.

మామ మోచేత్తో పొడిచాడు.

"లెవ్వు బామ్మర్దీ. నన్ను గాదు, నిన్నే."

బాపు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. బాయి మీద మస్టర్ పిలిచినప్పుడు ముప్పై ఆరేళ్లు మామ పేరుకు చెప్పిన మాటనే, ఈసారి తన పేరుకు, చెయ్యెత్తి, హాలంతా వినేటట్టు చెప్పాడు.

"హాజర్ సార్."